మా ఇంటి కాగితం కొలువు

సంక్రాంతికి నెల పట్టారంటే చాలు, మన ఇళ్ళల్లో లెక్కలు మొదలవుతాయి. పిల్లలకి బట్టలు ఎంతలో తియ్యాలి, ఊరికి టిక్కెట్లు దొరుకుతాయా, అరిసెలు ఇంట్లో వండాలా, మిఠాయి కొట్లో తెచ్చుకుంటే సరిపోతుందా అని. నేనూ అందరిలాంటిదాన్నే. పండగంటే కొనుక్కోవడమే అనుకునేదాన్ని. 2021 సంక్రాంతికి మాత్రం మా ఇంట్లో కొనడానికి చేతిలో ఏమీ లేకపోయింది. విచిత్రం చూడండి, ఇన్నేళ్ళ పండగల్లో మా పిల్లలు ఇప్పటికీ తలుచుకునేది ఆ పండగనే. అది ఎలా చేసుకున్నామో మీతో చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. మధ్యమధ్య చేసే విధానాలు కూడా చెబుతాను. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళకి పనికొస్తాయి.

మా అత్తవారిది తణుకు దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు తప్పకుండా పెడతారు. కొంతమందికి దసరాకి ఆనవాయితీ, మా వాళ్ళకి భోగి నాడు. మా అత్తయ్యగారి దగ్గర ఒక పెద్ద ట్రంకు పెట్టె ఉంది. అందులో పాత చీర ముక్కల్లో చుట్టిన కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే మనిషి, ఏటికొప్పాక లక్కపిడతలు, ఆవిడ పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బొమ్మలు ఉంటాయి. ఏటా ఒక కొత్త బొమ్మయినా చేర్చాలని, మెట్లు మూడో అయిదో ఏడో, బేసి సంఖ్యలోనే ఉండాలని ఆవిడ పట్టింపు. మేము హైదరాబాదు నుంచి ఏటా పండక్కి వెళ్ళేవాళ్ళం. పెట్టె మూత తీసే పని మా అమ్మాయిది. అయితే బొమ్మల్ని ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు. "చూడు, తాకకు" అనేవాళ్ళం. ఆ మాట అప్పుడు నాకు తప్పుగా తోచలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మావారు ఒక ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు రాసేవారు. బస్సులే తిరగకపోతే లెక్కలేముంటాయి? మొదట సగం జీతం అన్నారు. జూలైలో ఇంక రావద్దన్నారు. ఆయన అసలే మితభాషి. ఆ తర్వాత మాట బొత్తిగా తగ్గిపోయింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి ఎక్కడా లేక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, అబ్బాయికి అయిదు. అమ్మాయి బడి వాళ్ళ నాన్న ఫోన్లోనే నడిచేది. నా రెండు గాజులు బ్యాంకులో పెట్టాం. ఇంటద్దె రెండు నెలలు బాకీ పడ్డాం. పై అంతస్తులో ఉండే ఇంటావిడ అడగలేదు గానీ, మెట్ల మీద ఎదురుపడితే నేనే తల దించుకునేదాన్ని.

డిసెంబరు వచ్చింది. ఊరికి వెళ్ళే ఆలోచన లేదు. ఛార్జీలకి డబ్బు లేదన్నది ఒకటి, ముసలివాళ్ళున్న ఇంటికి వ్యాధి మోసుకెళతామేమోనన్న భయం మరొకటి. "ఈ ఏడు కొలువు లేదమ్మా, బొమ్మలు నాయనమ్మ దగ్గరున్నాయిగా" అన్నాను అమ్మాయితో. అది ఫోను తీసుకుని తిన్నగా నాయనమ్మకే చెప్పేసింది. ఆవిడ నాతో ఏమన్నారో తెలుసా? "బొమ్మలు లేవని కొలువు మానడమేమిటే? మా అమ్మ పెట్టిన మొదటి కొలువులో కొన్న బొమ్మ ఒక్కటి లేదు. మట్టితో కొన్ని, కాగితం గుజ్జుతో కొన్ని చేసింది. మెంతులున్నాయిగా ఇంట్లో? పాత పేపర్లున్నాయిగా? ఇంకేం కావాలి?" అన్నారు. నేను సరేనన్నాను గానీ, మనసులో మాత్రం ఇదంతా పిల్లల్ని మభ్యపెట్టడమే అనుకున్నాను.

ముందు భోగి పిడకలు

నెల పట్టగానే మొదటి పని భోగి పిడకలు. పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పట్నం పిల్లలకి తెలీదు కాబట్టి రాస్తున్నాను. మా వీధి చివర ఆవుల్ని పెట్టుకున్న పాలాయన దగ్గర చిన్న బకెట్టు పేడ అడిగి తెచ్చాం. ఆయన డబ్బులు తీసుకోలేదు. పేడని బాగా కలిపి, నిమ్మకాయంత ఉండ చేసి, అరచేతిలో బిళ్ళలా అద్ది, మధ్యలో వేలితో చిల్లు పెట్టాలి. చిల్లు పెద్దదిగానే పెట్టండి, ఎండితే ముడుచుకుపోతుంది. డాబా మీద ఒక పాత గోనెసంచి పరిచి, రెండు వైపులా తిప్పుతూ ఎండబెట్టాలి. డిసెంబరు ఎండకి వారం పైనే పడుతుంది. తరవాత కొబ్బరితాడుకి దండలా గుచ్చితే సరి. భోగి నాడు తెల్లవారుజామున పిల్లలు ఆ దండలు మంటలో వేస్తారు.

మా అమ్మాయి మొదటిరోజు ముక్కు మూసుకుని దూరంగా నిలబడింది. తమ్ముడు మోచేతుల దాకా పేడ పూసుకుని ఒక్కడే పన్నెండు చేసేసరికి రోషం వచ్చి కూర్చుంది. చివరికి యాభై ఒకటి చేశారు. లెక్క మా వాడే పెట్టాడు. వాడికి ముప్ఫై దాటి అంకెలు వచ్చింది ఆ పిడకలతోనే అంటే నమ్మండి.

కాగితం గుజ్జు చేసే విధానం

పాత దినపత్రికల్ని చిన్న చిన్న ముక్కలుగా చింపి, బకెట్టులో నీళ్ళు పోసి రెండు రాత్రులు నానబెట్టాలి. చింపడం చిన్నపిల్లలకి మహా ఇష్టమైన పని, ఒక పూట మీకు తీరిక. నిగనిగలాడే రంగు కాగితాలు వద్దు, అవి సరిగ్గా నానవు. నానాక నీళ్ళు మార్చి, గట్టిగా పిండి, రోలుంటే రోట్లో రుబ్బండి. లేకపోతే మిక్సీలో గుప్పెడు గుప్పెడు వేసి, ఎక్కువ నీళ్ళతో తిప్పండి. ఒక్కసారే కుక్కితే మోటారు పోతుంది. మిక్సీ పాడైతే పండగ ఖర్చు మిగిలిందనుకున్నదంతా దానికే పోతుంది. ఆ గుజ్జుని పాత గుడ్డలో మూటగట్టి నీళ్ళు పిండేయాలి.

మెంతులు ముందురాత్రి నానబెట్టి మెత్తగా, జిగురుగా రుబ్బుకోవాలి. నాలుగు గిన్నెల గుజ్జుకి ఒక గిన్నె మెంతిపిండి. చపాతీ పిండిలా బాగా మర్దించాలి. వెనకటి రోజుల్లో చాటలకీ బుట్టలకీ పూసింది ఇదే. మెంతుల చేదుకి పురుగు పట్టదని మా అత్తయ్యగారు చెప్పారు. బొమ్మ మొత్తం గుజ్జుతో చేస్తే లోపల ఆరక బూజు పడుతుంది. మొదటి విడతలో నాకు మూడు బొమ్మలు అలాగే పోయాయి. అందుకని లోపల ఖాళీ మందు సీసాయో, చుట్టిన అట్టముక్కో, పుల్లో పెట్టి దాని మీద గుజ్జు పలచగా అద్దాలి. ఒక పొర ఆరాక ఇంకో పొర. నీడలో ఒకరోజు, తరవాత ఎండలో మూడు నాలుగు రోజులు ఉంచాలి. ముందే ఎండలో పెడితే పగుళ్ళొస్తాయి.

"అమ్మా, కాగితం బొమ్మలు నిజం బొమ్మలేనా?" అని అడిగింది మా అమ్మాయి. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ సంగతి చెప్పాను. వాళ్ళు తెల్ల పొణికి కర్రని చెక్కి, కాళ్ళూ చేతులూ విడివిడిగా చేసి, రంపపు పొట్టునీ చింతగింజల పిండినీ కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. ఏటికొప్పాక వాళ్ళు అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. "వాళ్ళకి పొట్టూ చింతపిక్కలూ, మనకి పేపరూ మెంతులూ" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "అయితే ఆ బొమ్మలు కూడా ఎవరో ఇంట్లో కూర్చుని చేసినవేనా?" అంది. అన్నాళ్ళూ అవి పెట్టెలోంచి పుడతాయనుకుంది కాబోలు.

రంగుల గురించి కూడా చెప్పాలి. పసుపు, జేగురు, బట్టలకి పెట్టే నీలం, పొయ్యి మసి వాడాం. పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఎర్రటి రంగు వస్తుంది, పిల్లలకి అదొక గారడీ. సున్నం మాత్రం పెద్దవాళ్ళే కలపండి, పిల్లల కళ్ళకి తగలకూడదు. బీట్‌రూట్ రసం మొదటిరోజు మహా అందంగా ఉంటుంది. నాలుగోరోజుకి పాత ఇటుక రంగులోకి దిగిపోతుంది. మా లక్ష్మీదేవి చీర అలాగే అయింది.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి ఒక ఆడమనిషి బొమ్మ చేసింది. ఒక కన్ను నుదుటి దగ్గర, ఇంకోటి చెంప మీద. ముక్కు ఇంత లావు. చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరైనా పేరంటానికి వస్తే ఏమనుకుంటారోనని నాకు ఒకటే బెంగ. రాత్రి పిల్లలు పడుకున్నాక దీపం పెట్టుకుని కూర్చుని, ముక్కు చెక్కి, కళ్ళు తుడిచి మళ్ళీ దిద్ది, చేతులు సమానం చేశాను. చక్కగా వచ్చింది. నాలో నేను మురిసిపోయాను కూడా.

పొద్దున్నే అది బొమ్మని చూసి, అటూ ఇటూ తిప్పి, నా దగ్గర పెట్టేసింది. "బాగుంది కదూ?" అన్నాను. "బాగుంది. కానీ ఇది నాది కాదు. నువ్వే కొలువు పెట్టుకో" అని లోపలికి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంది. అరవలేదు, అల్లరి చెయ్యలేదు. ఆ రోజంతా గుజ్జు ముట్టుకోలేదు. తమ్ముడు పిలిచినా రాలేదు.

నాకు మొదట కోపం వచ్చింది. రాత్రి నిద్ర మానుకుని చేస్తే ఇదా అనుకున్నాను. తరవాత అంట్లు తోముతూ ఆలోచిస్తే అర్థమయింది. ఇన్నేళ్ళూ నేను దానికి చెప్పిన మాటేగా, "చూడు, తాకకు" అని. ఇప్పుడు తాకనిచ్చి, తాకినదాన్ని చెరిపేశాను. మనం పిల్లల చేత చేయిస్తున్నామని అంటాం గానీ, చాలాసార్లు మన చేతులే అన్నీ చేసేస్తాయి. ముగ్గు వాళ్ళు వేస్తే మనం తుడిచి వేస్తాం. పూరీ గుండ్రంగా రాలేదని లాక్కుంటాం. చివరికి పండగ మనదవుతుంది, వాళ్ళు చూసేవాళ్ళవుతారు.

సాయంత్రం వెళ్ళి దాని పక్కన కూర్చుని, "తప్పయిపోయిందమ్మా, ఇంక నీ బొమ్మ ముట్టుకోను" అన్నాను. కూతురికి తప్పయిందని చెప్పడం నాకు అదే మొదటిసారి. అది కాస్త బెట్టు చేసి లేచింది. మళ్ళీ ఇంకో ఆడమనిషిని చేసింది. ఈసారి ముక్కు ఇంకా లావు. నేను నోరెత్తలేదు.

నడిచేవాళ్ళు, చలివేంద్రం

కొలువులో కింది మెట్టు మీద ఊరు పెట్టడం మా ఆనవాయితీ. సంత, పెళ్ళి, పొలం, బావి అన్నీ ఉంటాయి. మా అమ్మాయి అట్టముక్కల మీద గుజ్జు అద్ది వరసగా చిన్న చిన్న మనుషుల్ని చేస్తోంది. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. "ఎవరే వీళ్ళు? సంతకి వెళ్ళేవాళ్ళా?" అన్నాను. "కాదు. నడిచి ఊరెళ్ళేవాళ్ళు" అంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో వలస కూలీలు మండుటెండలో రోడ్ల వెంట వందల మైళ్ళు నడిచి వెళ్ళారు కదా. టీవీలో మేము రోజూ చూసేవాళ్ళం. మేడ్చల్ వైపు రోడ్డు మీద నడిచి వెళ్ళేవాళ్ళని మా అమ్మాయి ఆ టీవీలోనే చూసింది. అది మరిచిపోయిందనుకున్నాను.

"శుభమా అని పండగ పూట ఇవెందుకమ్మా, పెళ్ళి బొమ్మలు చెయ్యి" అన్నాను. ముట్టుకోనని మాటిచ్చాను గనక తీసెయ్యలేదు. కిటికీ దగ్గర కుర్చీలోంచి మావారు, "ఉండనీ" అన్నారు. ఒక్కటే మాట. కాసేపటికి లేచి వచ్చి పిల్లల దగ్గర కింద కూర్చున్నారు. రెండు అగ్గిపెట్టెలు తీసుకుని, బ్లేడుతో కోసి, ఈనెపుల్లలు నాలుగు నిలబెట్టి, పైన ఎండుకొబ్బరి పీచు పరిచారు. ఒక చిన్న పందిరి తయారయింది. చింతగింజంత గుజ్జుతో కుండ చేసి కింద పెట్టారు. మా వాడు "ఇదేంటి నాన్నా?" అని అడిగితే, "చలివేంద్రం. అంత దూరం నడుస్తున్నారుగా, దాహం వెయ్యదూ?" అన్నారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆర్నెల్లయి ఆయన నోట అంత పొడుగు మాట వినలేదు. నా కళ్ళలో నీళ్ళు చూస్తే ఎక్కడ లేచిపోతారోనని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు మొదలు కుర్చీ ఖాళీ. పౌడరు డబ్బాకి మట్టి అద్ది బావి చేశారు, గిలక కూడా పెట్టారు. దారప్పుండకి కట్టి మా వాడు రోజంతా చేద తోడేవాడు. మనిషికి డబ్బు లేకపోతే కష్టమే. చేతికి పని లేకపోవడం అంతకంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

పైరుకి ఒక చిట్కా చెబుతాను. భోగికి ఎనిమిది రోజుల ముందు వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ ఎత్తు మట్టి పరిచి, ఒక రాత్రి నానిన మెంతులు, రాగులు చల్లి, పైన పలచగా మట్టి కప్పండి. రోజూ నీళ్ళు చిలకరించండి, పొయ్యకండి. కొలువు నాటికి పచ్చటి చేను తయారవుతుంది. మెంతి పైరు పండగయ్యాక పప్పులో వేసుకోవచ్చు. పాత అద్దం ముక్క అంచులకి మట్టి కప్పితే చెరువు. మెట్లకి బియ్యం డబ్బా, సూట్‌కేసులు, పీటలు పేర్చి, మావారి తెల్ల పంచె పరిచాం. మూడు మెట్లు వచ్చాయి. పై మెట్టు మీద కలశం, పసుపు గణపతి. మధ్యలో దేవుళ్ళు. కింద మా ఊరు.

పిల్లలు చేసే పిండివంట

పిండివంటలు కూడా తగ్గించుకున్నాం. అరిసెల పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వలేం. అందుకని చిమ్మిలి చేయించాను. రెండు గ్లాసుల నువ్వులు దోరగా, చిటపటలాడేదాకా సన్నని సెగ మీద వేయించి చల్లార్చాలి. ఒక గ్లాసు బెల్లం తురుము, నాలుగు యాలకులు చేర్చి రోట్లో దంచాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఎక్కువ తిప్పితే నూనె వదిలేస్తుంది. నువ్వుల్లో ఉన్న నూనెకే ఉండ కడుతుంది, పాకం అక్కర్లేదు, చెయ్యి కాలదు. ఉండలు చుట్టే పని మొత్తం పిల్లలదే. రేగుపండంత ఒకటి, కోడిగుడ్డంత ఒకటి వచ్చాయి. అన్నీ ఒకే రుచి.

పేరంటం

కొలువు పెట్టామంటే పేరంటాళ్ళని పిలవాలి. ఆ సంగతి నేను కావాలనే ఎత్తలేదు. మా పక్క ఇళ్ళల్లో కొలువు పెట్టేవాళ్ళు కొత్త కొత్త బొమ్మలు సెట్లకి సెట్లు కొని పెడతారు. మన అట్టముక్కలూ ముక్కు లావు మనుషులూ చూపించి నవ్వులపాలవడమెందుకని. పైగా ఇంటావిడని పిలవకుండా మిగతావాళ్ళని పిలవలేను. ఆవిణ్ణి పిలవడానికి నాకు ముఖం చెల్లదు.

భోగి 2021 జనవరి 13న వచ్చింది. తెల్లవారుజామున పిడకల దండలు మంటలో వేశాం. పదకొండింటికి తలుపు తడితే తీశాను. అయిదుగురు పిల్లలు, మూతికి మాస్కులతో. "ఆంటీ, కొలువు చూడ్డానికి రమ్మంది" అన్నారు. మా అమ్మాయి మూడు అంతస్తులూ తిరిగి అందరికీ బొట్టు పెట్టి వచ్చిందట, ఇంటావిడకి కూడా! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గబగబా శనగలు నానబెట్టాను. నానవని తెలిసి మరిగే నీళ్ళు పోశాను.

సాయంత్రం ముందు మా వాడికి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి, మూడుసార్లు దిష్టి తీసి తలమీద పోస్తాం కదా. అత్తయ్యగారు ఫోన్లో చూస్తూ "ఇంకొంచెం పొయ్యండి" అంటున్నారు. వచ్చిన పిల్లలంతా చిల్లర ఏరుకున్నారు. తరవాత కొలువు చుట్టూ మూగారు. ఒక పిల్ల నవ్వి, "ఇవి కాగితం బొమ్మలు! కొన్నవి కావు!" అంది. నా గుండె ఆగినంత పనయింది. మా అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా, "అవును, ఇది నేను చేశాను, ఇది తమ్ముడు, బావి నాన్న, లక్ష్మీదేవి అమ్మ. మెంతులు కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది" అని మొదలుపెట్టింది. ఆ నవ్విన పిల్లే చేద తోడతానని మా వాడితో పోట్లాట. మర్నాడు ముగ్గురు పిల్లలు పాత పేపర్లు చంకన పెట్టుకుని మా వరండాలో హాజరు!

ఇంటావిడ దీపాలవేళ వచ్చారు. కొలువు ముందు చాలాసేపు నిలబడ్డారు. వంగి చూసి, "ఈ చలివేంద్రం ఎవరు చేశారమ్మా?" అన్నారు. "మావారండీ" అన్నాను. ఇంకేమీ అనలేదు. బొట్టు పెట్టించుకుని, తాంబూలం తీసుకుని వెళ్ళిపోయారు. కనుమ నాడు మధ్యాహ్నం పెద్ద గిన్నె నిండా గారెలు పంపించారు. అద్దె మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మార్చిలో మావారికి ఒక మందుల దుకాణంలో లెక్కల పని దొరికింది. జీతం తక్కువే. ఏప్రిల్‌లో బాకీ తీర్చేశాం.

మొత్తం ఆ పండక్కి బొమ్మల మీద మేము పెట్టిన ఖర్చు మెంతులు, సున్నం, నీలం, ఒక బ్రష్షు కలిపి వంద రూపాయలు దాటలేదు.

ఇప్పుడు మా అత్తయ్యగారి ట్రంకు పెట్టె మా ఇంట్లోనే ఉంది. "ఇంక నేను సర్దలేను" అని ఆవిడే పంపించారు. ఏటా కొండపల్లి బొమ్మలు దించుతాం. వాటి పక్కనే ముక్కు లావు ఆడమనిషి నిలబడుతుంది. నేను దిద్దిన బొమ్మ కూడా ఉంది, అందంగానే ఉంటుంది. దాన్ని మా అమ్మాయి "అమ్మ బొమ్మ" అంటుంది. ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చే ఆనవాయితీ వదల్లేదు, అయితే అది ఇంట్లో చేసిందే అయి ఉండాలని పిల్లలు నియమం పెట్టారు. చలివేంద్రం పైకప్పు పీచు రెండుసార్లు మార్చాం. చివరిరోజు ఒక బొమ్మని పడుకోబెట్టి హారతి ఇచ్చి కొలువు ఎత్తుతాం కదా, మా ఇంట్లో పడుకోబెట్టేది ఆ నడిచేవాళ్ళలో ఒకరిని. "అలిసిపోయి ఉంటారు" అని మా వాడు మొదటి ఏడు అన్నమాట. అదే ఆచారమైపోయింది.

కొనుక్కోవద్దని నేను చెప్పడం లేదండీ. కొండపల్లిలోనూ ఏటికొప్పాకలోనూ ఆ చేతిపని మీదే బతికేవాళ్ళున్నారు, వీలున్నవాళ్ళు తప్పక కొనాలి. నేను చెప్పేది ఒక్కటే. ఈ పండక్కి ఇంట్లో ప్రతివాళ్ళ చేతికీ ఒక పని ఇవ్వండి. చిన్నవాడికి కాగితాలు చింపడం, పెద్దదానికి బొమ్మ, మావారిలాంటి మనిషి ఉంటే ఆయనకో అగ్గిపెట్టె. వాళ్ళు చేసింది వంకరగా వస్తే వంకరగానే ఉండనివ్వండి. రాత్రి అందరూ పడుకున్నాక దిద్దాలని మీ చెయ్యి కూడా లాగుతుంది, నాకు తెలుసు. అప్పుడు దీపం ఆర్పేసి, వెళ్ళి పడుకోండి.